మసూయో అక్కా, కోడికాలు కోటూ

మా ఊళ్ళో ఒక నల్ల పట్టుకోటు పన్నెండుమంది ఆడవాళ్ళను పెళ్ళాడింది. అందరినీ జపాను నుంచి ఓడల మీద రప్పించుకుంది, అందరితోనూ పిల్లల్ని కన్నది, ఒక్కరికీ అన్యాయం చెయ్యలేదు.

పన్నెండు అన్నది కొంచెం ఎక్కువేలెండి. ఎనిమిది పెళ్ళిళ్ళకు గుడి హాలు గోడమీద ఫోటోల సాక్ష్యం ఉంది, ఒకదాని ఫోటో పోయింది, తక్కిన మూడూ నేను చేయించినవి. పెళ్ళాడింది కూడా కోటేనని గట్టిగా అనలేను, కోటులో దూరిన మగవాళ్ళనడం న్యాయం. మా అమ్మ హిలో పట్నంలో కాన్వెంటు వంటింట్లో పని చేసేది కాబట్టి నా చదువు అక్కడే సాగింది. అబద్ధం ఆడినప్పుడల్లా ఏసుస్వామి అరచేతిలో ఇంకో మేకు దిగుతుందని మా సిస్టరు చెప్పేది. అప్పటినుంచీ నా అబద్ధాలన్నీ సగం దూరం పోయి, మేకు గుర్తొచ్చి, వెనక్కి తిరిగొస్తుంటాయి.

కోటు కథకు ముందు మసూయో అక్క కథ చెప్పాలి. కోటు ఆవిడది. ఆవిడ కాదంటుంది, అది తర్వాత.

హొనొలులుకు అవతలి దీవిలో, హమాకువా తీరాన, మా ఊరి పోస్టాఫీసు పక్కన రేకుల కప్పు కింద కూరల కొట్టు ఆవిడది. తెల్లారేసరికి అన్నం ముద్దలు, వేయించిన చేప, పచ్చటి ముల్లంగి ఊరగాయ, క్యారెట్టూ తామరదుంపా వేసి ఉడికించిన నిషిమె కూర అద్దాల బీరువాలోకి ఎక్కేసేవి. ఎండెక్కాక వస్తే అడుగూబొడుగే. "ఇంకేమైనా మిగిలిందా ఆంటీ?" అని ఎవరన్నా అడిగితే "సిగ్గు మిగిలింది, పొట్లం కట్టనా?" అనేది. ఎనభై దాటినా రబ్బరు బూట్లు వేసుకుని నిలబడే పని చేసేది. కూర్చుంటే లేవడం మరిచిపోతానని భయమట.

గల్లాపెట్టె పైన గోడకు ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుండేది. దానిమీద ఒక అంకె తప్ప ఏమీ లేదు. చెరుకు మిల్లు దొరలకు, జపాను నుంచి కూలికొచ్చిన మా పెద్దవాళ్ళ పేర్లు పలకడానికి నోరు తిరిగేది కాదు. అందుకని ఒక్కొక్కరి మెడలో ఒక బిళ్ళ కట్టి, అంకెతో పిలిచేవాళ్ళు. బాంగో అనేవాళ్ళం. జీతం అంకెకే, తిట్లు అంకెకే. గోడమీద బిళ్ళ అక్క వాళ్ళ నాన్న వసాబురోది. కూర కోసం వరసలో నిలబడ్డవాళ్ళకు చూడ్డానికి ఇంకేమీ లేదు గనక ఊళ్ళో అందరికీ ఆ అంకె కంఠతా వచ్చు. 4416.

వసాబురో, చెరుకు కూలీలుండే మా ఆరో క్యాంపులో స్నానాలగది కాపరి. తగలబెట్టిన తోటలో చెరుకు కొట్టి మసితో వచ్చినవాళ్ళకు వేణ్ణీళ్ళు కాచి పెట్టేవాడు. ఆయన దగ్గర మూడు సొత్తులుండేవి: గొడ్డలి, గిన్నె, పట్టుకోటు. మొదటి రెండూ ఎక్కడివో తెలుసు. కోటు మాత్రం ఒక నాటకాల జట్టుది. వానకు మా క్యాంపులో ఇరుక్కుపోయిన ఆ జట్టులో దుర్మార్గుడి వేషం కట్టేవాడు, రోజూ వేణ్ణీళ్ళు పోసినందుకు మెచ్చి ఇచ్చి పోయాడని ఒక మాట. వాడు తొట్టిలో మునిగి ఉండగా వసాబురోయే తీసి దాచాడని ఇంకో మాట. రెండో మాట నాది.

అసలు సిసలు పెద్దింటి కోటులాగే ఉండేది. వీపున ఒకటి, చేతులకు రెండు, రొమ్మున రెండు, తెల్లటి మోన్‌లు అయిదు. మోన్ అంటే ఇంటిగుర్తు. ఇంటిపేరు నోటితో చెప్పేది, ఇంటిగుర్తు కంటికి చూపేది. ఈ కోటు మీదది కిరి చెట్టు గుర్తు: కింద మూడు ఆకులు, పైన మూడు పూలకంకులు. ఎడమ రొమ్ము మీది గుర్తు కింద కోటు ఎప్పుడో చిరిగింది. ఆ చిరుగును మూడు పాయలుగా దగ్గరికి లాగి కుట్టారు. అచ్చం కోడి తొక్కిపోయినట్టుండేది.

ఆ రోజుల్లో మా మగవాళ్ళకు పెళ్ళిళ్ళు ఫోటోల మీదే. ఇక్కడినుంచి ఫోటో పోతుంది, అక్కడినుంచి ఫోటో వస్తుంది, ఇరుపక్షాలూ ఊఁ అంటే పిల్ల ఓడెక్కుతుంది. చెరుకు పనిబట్టలతో ఫోటో పంపితే ఓడెక్కడం మాట అటుంచి, గడప కూడా ఎవరూ దాటరు. అందుకని బ్రహ్మచారులందరూ వసాబురో దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు. కోటు వేసుకున్నవాడు ఆ సాయంత్రం స్నానాలగదికి కట్టెలు కొట్టి పెట్టాలి, అంతే. ఆ కోటు పుణ్యాన మా క్యాంపులో కట్టెలకు ఎన్నడూ కొరత రాలేదు.

వసాబురో కూడా ఆ కోటులోనే ఫోటో దిగి హిరోషిమా వైపు పల్లెకు పంపాడు. అక్కడ సెకి అనే పిల్ల ఊఁ అంది. సెకికి చూపు ఆనదు. వాళ్ళమ్మ తెలివైన మనిషి. "మొహం నమ్మకే. ఎండకు నల్లబడుతుంది, పాత ఫోటో పంపిందీ లేనిదీ తెలియదు. ఈ కోడికాలు కుట్టు చూసుకో. అది ఎక్కడుంటే అక్కడ నీ మొగుడు" అని చెప్పి పంపింది.

సెకి హొనొలులు రేవులో దిగింది. కుట్టు వెతికింది. కుట్టు కనపడింది. పోయి దాని వెనక తల వంచుకుని నిలబడింది.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ రోజు కోటు వసాబురో మీద లేదు. అదే ఓడలోంచి మా క్యాంపువాడే అయిన కువాహతా తొకుజిరో పెళ్ళాం కూడా దిగుతోంది. "నాకు రాబోయేది పెద్ద పేచీకోరట అన్నా, ఈ ఒక్కపూట కోటివ్వు" అని తొకుజిరో బతిమాలితే వసాబురో విప్పి ఇచ్చేశాడు. తాను నీలం పనిచొక్కాతో టోపీ చేత పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇంతలో తొకుజిరో అసలు పెళ్ళామూ వచ్చి కోటు వెనకే నిలబడింది. ఒక కోటు, ఇద్దరు పెళ్ళికూతుళ్ళు. రేవు అధికారి తొకుజిరోని "నీకెంతమంది కావాలయ్యా?" అని అడిగాడట.

వసాబురో ముందుకొచ్చి, "నీ మనిషిని నేను," అన్నాడు.

సెకి ఫోటో కళ్ళకు ఆనించుకుని చూసింది. "కాదు. నా మనిషి అతను."

"మనిషిని నేనే. కోటే అతని మీద ఉంది."

సెకి ఆలోచించింది. "కోటెవరిది?"

"నాది."

"అయితే పద," అంది.

ఈ మాటలు నేను విన్నవి కావు, అప్పటికి పుట్టలేదు. కానీ ఇంతకంటే బాగా వాళ్ళు మాట్లాడుకుని ఉండరని నా నమ్మకం. ఆ తర్వాత వాళ్ళ కాపురం బాగానే సాగింది. మసూయో పుట్టింది. సెకికి మాత్రం మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. మొగుడు పోయాక అది భయమైంది. చచ్చాక కూడా చూపు ఆనక ఎవడి కోటు వెనకో పోతానేమోనని.

ఏటా బోన్ పండుగకు పోయినవాళ్ళు ఇంటికొస్తారు. గుడి ముంగిట డప్పుల మంచె వేసి, చుట్టూ కాగితపు లాంతర్లు కట్టి, వాటి కింద ఆడతాం. ఎవరి లాంతరు చూసుకుని వాళ్ళు వస్తారు. సెకి పోయేముందు కూతుర్ని దగ్గరికి పిలిచింది. "నా లాంతరు మంచెకు తూర్పు గుంజ మీదున్న మేకుకే కట్టు. ఏటా అక్కడే. దానిమీద ఏ గుర్తూ గియ్యకు. గుర్తు చూసి ఒకసారి దారి తప్పాను. ఈసారి చోటు చూసుకుని వస్తాను." మొగుడి ఫోటో తన శవపేటికలోనే పెట్టించుకుంది, అక్కడ ఆయన మొహం పోల్చుకోవడానికి. అప్పటినుంచీ ప్రతి బోన్‌కీ మసూయో అక్క స్టూలెక్కి, తెల్లటి లాంతరు ఆ మేకుకు తన చేత్తోనే కట్టేది. మంచె గుంజలు మారాయి గాని మేకు మారలేదు. పాత గుంజ పీకేటప్పుడు మేకు తనే తీసి దాచి కొత్తదానికి కొట్టించేది.

ఇదీ సంగతి. ఇలాంటి సంగతిలో క్లారెన్స్ వచ్చి పడ్డాడు.

క్లారెన్స్ కువాహతా ఆ తొకుజిరో మనవడే. హొనొలులులో ఇన్సూరెన్సు అమ్మి రిటైరై ఊరికొచ్చాడు. చచ్చాక ఏమవుతుందోనని జనాన్ని భయపెట్టి బతికినవాడు గనక, పుట్టకముందు ఏం జరిగిందో చెప్పి మురిపించడం కూడా తేలిగ్గానే పట్టుబడింది. అప్పటికే మిల్లు మూతపడి మగవాళ్ళు వసారాల్లో కూర్చుని ఉన్నారు. మిల్లు పోయాక మా ఊళ్ళో తయారైన సరుకు ఒక్కటే, పూర్వీకులు.

క్లారెన్స్ జపాను యాత్రకు పోయి, తాత పుట్టిన ఊరి కచేరీలో విచారించాడు. అక్కడి గుమాస్తా పాపం నిజమే చెప్పాడు, మీవాళ్ళు రైతులని. క్లారెన్స్ తిరిగొచ్చి మాకు వివరించాడు, రైతు అంటే మారువేషంలో ఉన్న సమురాయి అని. తర్వాత ఇంటిగుర్తుల సంఘం పెట్టాడు. అధ్యక్షుడు తనే. ఎవరింట్లో గుర్తున్న ఫోటో ఉందో తెమ్మన్నాడు. పెట్టెల అడుగునుంచి ఎనిమిది ఇళ్ళవాళ్ళు తాతల పెళ్ళి ఫోటోలు తీశారు. ఎనిమిదింటిలోనూ కిరి గుర్తే.

క్లారెన్స్ నోట మాట రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు. ఆ ఫోటోలను మనిషెత్తున పెద్దవి చేయించి గుడి హాల్లో వరసగా తగిలించాడు. అందరి కోటూ ఒకటే. లావుపాటి ఇనోగుచి తాతకు కోటు రెండంచులూ దూరంనుంచి ఒకదాన్నొకటి చూసుకున్నాయి గాని కలవలేదు. పొట్టి మురాషిగె తాతకు చేతులే కనపడలేదు. అందరికీ ఎడమ రొమ్ము మీద కోడికాలు కుట్టు. ఊరంతా వచ్చి చూసింది. ఒక్కరికీ అనుమానం రాలేదు. వచ్చినా, సమురాయి మనవడిగా నిద్రలేచిన మర్నాడే కట్టెలు కొట్టినవాడి మనవడిగా మారడానికి ఎవరికి మనసొప్పుతుంది?

"గమనించండి," అన్నాడు క్లారెన్స్ కర్రతో చూపిస్తూ. "ఒకే గుర్తు. దానికింద ఒకే ముద్ర. ఇది డేగ గోరు. యుద్ధంలో ఓడి చెల్లాచెదురైన ఒక మహావంశం, మళ్ళీ ఒకరినొకరు పోల్చుకోడానికి పెట్టుకున్న రహస్య ముద్ర. ఎనిమిది కుటుంబాలూ విధి నడిపించగా ఒకే మిల్లుకు వచ్చి చేరాయి."

ఆ విధిని మా నాన్న మిల్లు ఏజెంటు అనేవాడు. ఇంత మంచి అబద్ధం నాకెందుకు తట్టలేదా అని కుళ్ళుకుంటూ కూర్చున్నాను.

నెల తిరిగేసరికి సంఘం వాళ్ళందరూ నీలం పండుగ చొక్కాలు కుట్టించుకున్నారు. ఎడమ రొమ్ము మీద, కొత్త గుడ్డ మీద, చిరగని చోట, బంగారు దారంతో చిరుగు కుట్టించుకున్నారు. క్లారెన్స్ అది వేసుకునే కూరల కొట్టుకొచ్చాడు.

"ఏంట్రా క్లారెన్స్, రొమ్ము మీద కోడి తొక్కిందా?" అంది మసూయో అక్క.

"డేగ గోరు ఆంటీ. మా వంశానిది."

"ఓహో. అందరూ కత్తులు పట్టినవాళ్ళేనా మీ వంశంలో?"

"అందరూ ఆంటీ."

"మరి చెరుకెవరు కొట్టార్రా?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. క్లారెన్స్ కూడా నవ్వి, చేప ముక్కలు పట్టుకుని పోయాడు. అక్కతో ఎవరికీ పేచీ ఉండేది కాదు, పండుగ దగ్గరపడేదాకా.

పండుగకు పదిరోజుల ముందు సంఘం ఒక తీర్మానం చేసింది. గుర్తులున్న ఎనిమిది కుటుంబాల లాంతర్లు మంచె గుంజలకు, ఇంటిగుర్తు వేయించి కట్టాలి. గుర్తు లేనివాళ్ళవి బయటి తీగ మీద. బయటి తీగ పాయఖానాల పక్కనుంచి పోతుంది. గుడి పూజారి కొత్తగా వచ్చిన కుర్రాడు, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళకు వంగి దణ్ణం పెట్టేవాడు. ఒప్పుకున్నాడు.

అక్క కొట్టు మూసి, రబ్బరు బూట్లతోనే క్లారెన్స్ ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. అలాంటివి వదులుకోను.

"మా అమ్మ లాంతరు ఎక్కడ కట్టాలి?"

"గుర్తు తెచ్చుకోండి ఆంటీ, లోపలే కడదాం," అన్నాడు మర్యాదగా. "తాతగారి ఫోటో ఏదైనా ఉంటే..."

"లేదు. అమ్మతో పోయింది."

"అయ్యో. మరి సంఘం నియమం కదా ఆంటీ. ఒకళ్ళకు సడలిస్తే..."

"మా అమ్మకు గుర్తు అక్కర్లేదురా. మేకు కావాలి."

"మేకు బయట కూడా కొట్టిస్తాను. కొత్తది."

అక్క వెనక్కి తిరిగింది. "అమ్మ ఆ మేకు దగ్గరికే వస్తుంది," అంది దారిలో. "తడుముకుంటూ వచ్చి చూస్తుంది. ఎవళ్ళదో లాంతరుంటుంది. మళ్ళీ ఎవరి వెనకో నిలబడుతుంది."

నాకు తోచిన సాయం చేశాను. "కూరలోకి క్యారెట్టు పువ్వులా కోస్తావు కదా, అదే లాంతరు మీద గీసెయ్యక్కా. రేగుపువ్వు గుర్తు, మహారాజుల వంశం అని క్లారెన్సే చెబుతాడు."

"అమ్మ ఏమీ గియ్యొద్దంది."

"మీ అమ్మ చూస్తుందా ఏంటి?"

"చూడ్డానికే కదరా వచ్చేది," అంది.

ఇంటికి పోయి బియ్యం డబ్బాల వెనకనుంచి ఒక మూట లాగింది. కర్పూరం వాసన గుప్పుమంది. ఆ కోటును నేను కళ్ళారా చూడటం అదే మొదలు. కథల్లో విన్నంత పెద్దగా లేదు. పట్టు అక్కడక్కడా నీరసించింది. కోడికాలు మాత్రం గట్టిగా ఉంది.

"హాల్లోకి పోయి ఫోటోల పక్కన తగిలిద్దామక్కా," అన్నాను. నా కాళ్ళు అప్పటికే హుషారుగా ఉన్నాయి. ఎనభైయేళ్ళలో నేను చెప్పిన ఏ కథకీ సాక్ష్యం దొరకలేదు, ఇప్పుడు మూటలో ఉంది.

అక్క మూట చంకన పెట్టుకుని హాలుకు నడిచింది. లోపల హిలోనుంచి వచ్చిన చుట్టాలకు ఫోటోలు చూపిస్తోంది హనయో, క్లారెన్స్ వాళ్ళమ్మ. అక్కా ఆవిడా ఒకే బడిలో చదివారు. హనయో బతుకంతా దొరల బట్టలు ఉతికింది. నడుం వంగిపోయిన మనిషి. ఆ రోజు కిరి గుర్తు పిన్ను పెట్టుకుని, నిటారుగా నిలబడి, "ఈయన మా మామగారు. మాది గుర్తున్న వంశం" అని చెబుతోంది. రెండంగుళాలు పొడుగైనట్టు కనపడింది. అక్కను చూసి, "మసూయో, రా, చూడు" అని చెయ్యి పట్టి లాగింది.

అక్క మూట మీద చెయ్యి వేసింది. తీసేసింది. "బాగున్నాడే మీ మామ," అంది. తర్వాత తల తిప్పి, "ఒరే క్లారెన్స్, ఒకసారి వంటింట్లోకి రా. పండుగ కూర లెక్క చూడాలి."

గుడి వంటింట్లో బియ్యం బస్తా మీద మూట విప్పింది. క్లారెన్స్ చూశాడు. గుర్తు చూశాడు. వేలితో కోడికాలును తడిమాడు. మొహం వెలిగిపోయింది.

"మా తాత కోటు," అన్నాడు. "ఇన్నాళ్ళూ మా తాత కోటు మీ ఇంట్లో ఉందా ఆంటీ?"

"కాలరు తిప్పు."

తిప్పాడు. క్యాంపులో బట్టలుతికే ఆడవాళ్ళు, ఎవరివెవరివో తెలియడానికి కాలరు లోపల ఎర్రదారంతో బాంగో అంకె కుట్టేవాళ్ళు. పట్టుకోటనీ చూడలేదు. 4416. క్లారెన్స్ పెదాలు ఆ అంకెను చదువుకున్నాయి. రోజూ చేప ముక్కల కోసం నిలబడి చూసేదే కదా.

హాల్లోనుంచి మాటలు వినపడుతున్నాయి. క్లారెన్స్ తలుపు సందులోంచి గోడమీది తాతల్ని చూశాడు. కలవని అంచుల ఇనోగుచి తాత, చేతుల్లేని మురాషిగె తాత, వాళ్ళ మధ్య ఛాతీ విరుచుకుని తన తాత. ఇన్సూరెన్సు మనిషి కాబట్టి నష్టం ఎంతో త్వరగానే అంచనా కట్టాడు.

"అందరూనా?" అన్నాడు.

"అందరూ. మీ తాత కట్టెలు బాగా కొట్టేవాడట. మా నాన్న చెప్పేవాడు."

"మరి ఈ కిరి గుర్తు మీదా?"

"నాటకాలవాళ్ళది. మా నాన్నకున్నది ఆ అంకె ఒక్కటే."

క్లారెన్స్ పక్కనున్న బస్తా మీద కూర్చున్నాడు. రొమ్ము మీది బంగారు చిరుగును అరచేత్తో కప్పుకున్నాడు. బయట హనయో గొంతు మళ్ళీ, "ఈయన మా మామగారు."

"అమ్మకు చెబుతారా ఆంటీ?"

"చెప్పేదాన్నయితే అక్కడే విప్పేదాన్ని. వంటింట్లోకి ఎందుకు పిలుస్తాన్రా?"

"ఏం కావాలి మీకు?"

"చెప్పాను కదా. మేకు."

క్లారెన్స్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఇంకెవరికి తెలుసు?"

"నాకు. వీడికి," అని నన్ను చూపించింది.

"నోబూ అంకుల్‌కా? అయితే ఊరందరికీ తెలిసినట్టే."

"వీడు చెబితే ఎవరు నమ్ముతారు?" అంది అక్క కోటు మడత పెడుతూ.

క్లారెన్స్ నా మొహం చూశాడు. నిజమేననిపించినట్టుంది, ఊపిరి పీల్చుకున్నాడు. చిన్నప్పటినుంచీ కష్టపడి సంపాదించుకున్న పేరు ఆ రోజు ఎనిమిది వంశాల పరువు నిలబెట్టింది. ఒక్కరు థాంక్స్ చెప్పలేదు.

పండుగ సాయంత్రం మంచె చుట్టూ కిరి గుర్తుల లాంతర్లు వెలిగాయి. తూర్పు గుంజ మీద, తుప్పు పట్టిన మేకుకు, గుర్తు లేని తెల్ల లాంతరు. జనం గుసగుసలాడారు. మురాషిగె పెద్దకోడలు నిలదీసింది కూడా. "ఆ ఖాళీది లోపలెందుకుంది? నియమం మాకేనా?"

క్లారెన్స్ మంచె ఎక్కి మైకు పట్టుకున్నాడు. చెమటలు పట్టి ఉన్నాడు. "మిత్రులారా," అన్నాడు. "చాలామందికి తెలియని విషయం. ప్రాచీన కాలంలో గుర్తు ఎవరికి కావాలి? పోల్చుకోవలసినవాళ్ళకు. అందరికంటే పై వంశం వాళ్ళకు గుర్తెందుకు? ఆ తెల్లదనమే వాళ్ళ గుర్తు. మన మధ్య అలాంటి ఇల్లు ఒకటి ఉందని సంఘం పరిశోధనలో ఈమధ్యే తేలింది."

మురాషిగె కోడలు తిరిగి, రబ్బరు బూట్ల మనిషికి నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకో పదిమంది పెట్టారు. నేను చప్పట్లు కొట్టాను. కళాకారుణ్ణి కళాకారుడే మెచ్చుకోవాలి.

అక్క ఇవేవీ పట్టించుకోలేదు. లాంతరు కింద స్టూలు మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. డప్పు మొదలయ్యాక లాంతరు గాలికి ఒకసారి ఊగి నిలిచింది. అక్క పక్కకు జరిగి స్టూలు మీద కాస్త చోటిచ్చింది. ఎవరికని నేను అడగలేదు.

మరుసటేడు బోన్‌కు ఎనిమిది కుటుంబాలూ లాంతర్ల మీది కిరి గుర్తులను చెరిపేసి తెల్లవి తెచ్చాయి. అందరికంటే ముందు మురాషిగె వాళ్ళు. మంచె నిండా తెల్లటివే. వాటిని చూసి అక్క, "మా అమ్మకు ఫరవాలేదు, మేకు తెలుసు. పాపం వీళ్ళ తాతలే ఎవరింటికి పోతారో," అంది.

ఇదంతా రాశాక, న్యాయంగా ఉంటుందని కొట్టుకు పట్టుకెళ్ళి ఆవిడకు చదివి వినిపించాను. క్యారెట్లు పువ్వులుగా కోస్తూ విన్నది. నవ్వలేదు.

"అంతా అబద్ధం," అంది.

"ఏది అబద్ధమక్కా?"

"అన్నీ. మా ఇంట్లో కోటు ఎప్పుడూ లేదు. మా నాన్న ఎవడి బట్టలూ దాచలేదు. మా అమ్మ దిగీదిగ్గానే మా నాన్నను పోల్చుకుంది. గుడి వంటింట్లో నేను కూర లెక్క చూశాను, అంతే."

"మరి కోడికాలు కుట్టు?"

"కోడికి మూడు వేళ్ళేంట్రా బడుద్ధాయ్? వెనకొకటి ఉంటుంది. ఆ కుట్టుకూ వెనకొకటి ఉండేది, ఫోటోల్లో మడతలో పడింది." కత్తి ఆగింది. ఒక క్యారెట్టు పువ్వు నా నోట్లో కుక్కింది. "ఉండేది అంటే, కోటంటూ ఉంటే. లేదు. లేదని రాసుకో."